కప్పు వద్దన్న దేవుడు, కప్పు పడని కారు

టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి వున్నాడు. ఆయనకి గుడికప్పు లేదు. అంత పెద్ద లింగమూ ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ ఆరుబయటనే వుంటుంది. కప్పు వేయిస్తామంటే స్వామి తనే వద్దన్నాడని మా వైపు చెప్పుకుంటారు. వద్దంటే ఆయనకి చెల్లింది. ఆయన దేవుడు. నానిపోవడానికి ఆయన కింద తోలు సీట్లు లేవు. పాడైపోవడానికి తీగలు లేవు. ఆయన్ని అద్దెకి తీసుకువచ్చి నలభైవేలు పూచీ కట్టినవాడు అంతకన్నా లేడు. ఈ మూడూ వున్న కారొకటి మొన్నటి రోహిణికార్తెలో మా నందిగాం వచ్చింది. దాని కథే ఈ వారం చెబుతున్నాను.

మా అక్కకొడుకు పెళ్ళి. వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్ళికూతురిది పలాస దాటి ఉద్దానంలో ఒక పల్లె. పెళ్ళికి వాడు కట్నం అడగలేదు, కానుకలు అడగలేదు. ఒక్క కోరిక కోరేడు. పెళ్ళివారి వూళ్ళోకి టాపు తీసిన కారులో వెళ్ళాలిట. మా బావగారు ముందు కసిరేరు. “మీ తాత సవారీబండిలో వెళ్ళేడు, దానికి గూడు వుంది. నేను అంబాసిడర్లో వెళ్ళేను, దానికీ టాపు వుంది. నీ ఒక్కడి నెత్తే పైకి కనబడాలా?” అన్నారు. తరువాత వారం తిరక్కుండా ఆయనే విశాఖపట్నం ఫోను చేసి కారు కుదిర్చేరు. కన్నతండ్రి కసురు ఎంతసేపుంటుంది కనుక!

ఆ నలభైవేలు ఎక్కడివో చెప్పాలి. బావగారికి వజ్రపుకొత్తూరు వైపు జీడితోట వుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఉద్దానమంతా కొబ్బరీ జీడీ అలాగే పడుకున్నాయి. ఆయన మళ్ళీ అంట్లు నాటించి, నీళ్ళు మోయించి, చంటిపిల్లల్ని సాకినట్టు సాకేరు. అవి నమ్మకంగా కాపుకి వచ్చిన తరువాత అమ్మిన పిక్కల బస్తాల సొమ్ములోది ఆ పూచీ డబ్బు. అందుచేత కారు గుమ్మంలో ఆగగానే అందరూ కారు చూస్తే, ఆయన మాత్రం ఆకాశం చూసేరు.

కారుతోపాటు వచ్చిన డ్రైవరు పాతికేళ్ళ కుర్రవాడు. ఒక మీట నొక్కేడు. వెనకనున్న మూత తనంతట తానే లేచింది. నెత్తిమీది గుడ్డకప్పు గొడుగు ముడిచినట్టు ముడుచుకుని ఆ మూత కిందకి వెళ్ళి దాక్కుంది. మూత మళ్ళీ పడింది. ఇంతా అరనిమిషం పట్టలేదు. వీధిలో పిల్లలు కేక పెట్టేరు. “మళ్ళీ!” అన్నారు. ఆ కుర్రవాడు మళ్ళీ నొక్కేడు. ఎదురింటివారు చూడలేదన్నారు, మళ్ళీ నొక్కేడు. ఇలా ఆరేడుసార్లయింది. ఏడింట రెండుసార్లు అడిగినది నేను. ఒకసారి మా ఆవిడ చూడలేదని, ఒకసారి నేను సరిగా చూడలేదని. “సార్, మరీ ఎక్కువసార్లు వద్దు సార్” అని ఆ కుర్రవాడు నెమ్మదిగా అన్నాడు. “ఒక్కసారికి ఏమవుతుందోయ్!” అన్నాను. కాలేజీలో పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నవాడి గొంతు కదా, కుర్రవాడు నొక్కేశాడు.

సాయంత్రం నాలుగింటికి బయలుదేరేము. పెళ్ళికొడుకు వెనక సీట్లో బాసికంతో. వాడి పక్కన మా అక్క. ముందు సీట్లో నేను. డిక్కీలో పసుపు కుంకుమలూ, చీరెల పెట్టె, ఒక అరటిగెల. బావగారు వెనక జీపులో. ఊరు దాటి పెద్దరోడ్డు ఎక్కేలోగా మహేంద్రగిరి వైపునుంచి మబ్బు కమ్మింది. గాలి లేచింది. చింతచెట్టు కింద టీ కొట్టు దగ్గర కారు పక్కకి తీసి, డ్రైవరు మీట నొక్కేడు. మూత లేచింది. కప్పు సగం పైకి వచ్చి, పడగ విప్పిన పాములాగ మా నెత్తిమీద నిలబడిపోయింది. మళ్ళీ నొక్కేడు. చప్పుడు కూడా లేదు. మొదటి చినుకు నా కళ్ళజోడు మీద పడింది.

ఇక్కడ ఒక్కమాట. ఈ యంత్రం మొరాయించడం కొత్త సంగతి కాదు. గట్టి లోహపు కప్పు తనంతట తానే డిక్కీలోకి వెళ్ళిపోయే యేర్పాటుకి పేటెంటు తీసుకున్నవాడు పారిస్‌లో పళ్ళ డాక్టరు, జార్జి పోలాఁ. 1930 తరువాతి సంవత్సరాలలో ప్యూజో కంపెనీ ఆయన పద్ధతితో ‘ఎక్లిప్స్’ అనే కార్లు చేసింది. మొదట కరెంటుతో కదిలే కప్పు పెట్టి, 1936లో దాన్ని మానేసి చేత్తో వేసుకునేదే పెట్టింది! ఆ డాక్టరుని 1942లో జర్మన్లు కాల్చి చంపేరు; ఆయన ప్రతిఘటనోద్యమంలో పనిచేస్తున్నాడు. తరువాత అమెరికాలో ఫోర్డు కంపెనీ 1957 నుంచి 1959 దాకా ‘స్కైలైనర్’ అని ఒకటి చేసింది. దాని కప్పు కదలడానికి 610 అడుగుల తీగ, పది లిమిట్ స్విచ్చీలు కావలసివచ్చాయి. పదింటిలో ఒకటి అలిగినా కప్పు కదలదు. పెళ్ళివారిలో ఒకరు అలిగితేనే పెళ్ళి ఆగిపోయే దేశంలో వాళ్ళం, మనకి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సరే, చినుకులు. జీపు దిగి బావగారు పరుగెత్తుకు వచ్చేరు. నేను ఆ క్షణంలో నాకు తెలిసిన యంత్రశాస్త్రమంతా ఒక్క మాటలో చెప్పేను: “లాగండి!” నలుగురు కుర్రాళ్ళు కప్పు పట్టుకున్నారు.

“లాగకండి బావూ! ఇరిగిపోతాది!” అని టీ కొట్టులోంచి కేక వినిపించింది. అరవైయేళ్ళ మనిషి, చేతిలో సగం తాగిన గ్లాసు. ట్రాక్టర్లు, తొట్టి లేచే ట్రక్కులూ బాగుచేసే మేస్త్రీట. వచ్చి కప్పు కీలు దగ్గర వేలితో చూపించేడు. “ఇదిగో, ఇది నూనె గొట్టం. ట్రక్కు తొట్టి లెగిసినట్టే ఇదీ లెగుస్తాది. లోపల నూనె బిగిసిపోయి ఉంది. అది దిగకుండా లాగితే కమ్మీలు వంకరపోతాయి. నూనె ఎనక్కెల్లడానికి ఎక్కడో ఒక మర ఉంటాది. పుస్తకం ఉందా?”

పుస్తకం వుంది. అది ఇంగ్లీషులో వుంది. అక్కడున్నవాళ్ళలో ఎమ్మే చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ తెలుగులో. గొడుగు కింద నిలబడి, ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి చెప్పేను. నా మాట ఆయన చేతికి వెళ్ళేది, ఆయన ప్రశ్న నా కంటికి వచ్చేది. నా జన్మలో ఇంత శ్రద్ధగా నా అనువాదం విన్నవారు లేరు.

మొదట డిక్కీలోని అడ్డు చూడమంది పుస్తకం. కప్పు ముడుచుకునే చోటుకీ సామానుకీ మధ్య ఒక పలక వుంటుంది. అది సరిగా కూర్చోకపోతే యంత్రం పనిచేయదు. అరటిగెల దాన్ని నెడుతోందేమోనని గెల దింపి కొట్టు బల్లమీద పెట్టేము. పలక సర్ది మీట నొక్కినా లాభం లేదు. “మోటారు సప్పుడే లేదు,” అన్నాడు మేస్త్రీ. “మోటారు తిరిగి కప్పు కదలకపోతే నూనె కారిపోయినట్టు. అసలు తిరక్కపోతే ఫ్యూజో, మరోటో. ఇంకేటైనా రాసుందా బావూ అందులో?”

రాసి వుంది. తరువాతి వాక్యమే. కప్పుని వరసగా చాలాసార్లు తీసి వేసినట్లయితే మోటారు వేడెక్కి తాత్కాలికంగా ఆగిపోతుంది, చల్లారేదాకా కొంతసేపు ఆగవలెను, అని.

బావగారు నా భుజం దగ్గరే నిలబడి వున్నారు. నేను ఆ వాక్యం కళ్ళతో చదివేను. నోటితో చదవలేదు. “ఇంకేమీ లేదు,” అని పేజీ తిప్పేను.

చల్లారేదాకా ఆగడానికి ఆ వాన ఒప్పుకునేది కాదు, అది నిజం. కాని నేను పేజీ తిప్పినది వాన గురించి కాదు.

తరువాతి పేజీలో చేత్తో మూసే పద్ధతి వుంది. నలుగురు కప్పుని రెండువైపులా పట్టుకున్నారు. మర వదులు చేస్తే నూనె బిగువు పోయి కప్పు బరువంతా ఒక్కసారి కిందకి రాగలదు, అందుకని పట్టు ముందు, మర తరువాత. కీళ్ళ మధ్య వేలు పెట్టినవాడి వేలు వాడిది కాదని మేస్త్రీ మరీ చెప్పేడు. అద్దాలన్నీ దింపించేడు. డిక్కీ ఎడంపక్క లోపలి గుడ్డ తొలగిస్తే చిన్న పంపు కనబడింది. దానికి మర. కారు పనిముట్లలోని ఎలెన్ కీతో ఎడమకి తిప్పేడు. సన్నగా బుస్సుమంది. అంతదాకా ఇనుములా బిగిసివున్న కప్పు తొట్టిలో బిడ్డలాగ ఊగింది. “రెండుపక్కలా సమంగా, మెల్లగా,” అంటూ ఆయన చెబుతుంటే కప్పు లేచి ముందుకి వచ్చి అద్దం పైకమ్మి మీద కూర్చుంది. వెనక అంచు ఎత్తి పట్టుకుని, మూత కిందకి దించి, దానిమీద అంచు వాల్చేరు. ఆఖరున లోపలినుంచి ముందు కమ్మి దగ్గర చిన్న బిరడా తీసి, అదే కీ పెట్టి తిప్పితే తాళం పడింది. నిజమైన వాన అప్పుడు మొదలయింది. మా అక్క పట్టుచీరె కొంగూ, ఒక సీటూ తడిసేయి. మిగతాదంతా దక్కింది.

మేస్త్రీ డబ్బు తీసుకోలేదు. “దీన్ని బాగుచేసిందాకా మీట ముట్టుకోకండి,” అని మాత్రం చెప్పి, చల్లారిన టీ పారబోసి మరొకటి చెప్పుకున్నాడు.

అప్పుడు బావగారికి కోపం వచ్చింది. ఆపద గట్టెక్కిన తరువాతనే ఆయనకి కోపం వస్తుంది. “ఏమయ్యా, పాడైపోయిన బండి తెచ్చి మా నెత్తిన పెడతావా? మీ యజమానికి ఫోను చెయ్యి. నీ జీతంలో కోసుకోమని నేను చెబుతాను,” అని డ్రైవరుని పట్టుకున్నారు. ఆ కుర్రవాడు తల వంచుకు నిలబడ్డాడు. అతనికి కారణం తెలుసు. ఇందాక వద్దని చెప్పినవాడు అతనే. ఒక్కసారి నా వైపు చూసేడు. అడిగినట్టు కాదు, ఊరికే చూసేడు. చూసి మళ్ళీ తల వంచుకున్నాడు. పెద్దవాడి పరువు తీయడం అతనికి చేతకాలేదు.

పుస్తకం ఇంకా నా చేతిలోనే వుంది. పేజీ వెనక్కి తిప్పేను.

“బావగారూ, ఇందులో ఒక వాక్యం నేను చదవలేదు,” అన్నాను. చదివేను. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఏడింట రెండుసార్లు నావేనని కూడా చెప్పేను. వాన టాపుమీద గట్టిగా పడుతోంది. పెళ్ళికొడుకు, “నావి మూడు, మావయ్యా,” అన్నాడు లోపలినుంచి.

బావగారు కాసేపు మాట్లాడలేదు. “అడిగితే అడిగేవు. చదివేటప్పుడు దాటెయ్యడమెందుకోయ్? నేను నిన్ను కొడతానా?” అన్నారు చివరికి. దానికి నా దగ్గర సమాధానం లేదు. పాతికేళ్ళుగా పిల్లలకి ప్రతిపదార్థం చెబుతున్నాను. ఒక్క పదం వదిలేస్తే మార్కులు తీసేస్తాను. ఆయన తన తువ్వాలు డ్రైవరుకిచ్చి తల తుడుచుకోమన్నారు.

టాపు వేసిన కారులోనే మేము ఉద్దానం చేరేము. దారి పొడుగునా గంటలాగ ఏదో టింగుమంటూనే వుంది, కప్పు సంగతి దానికి ఇంకా సందేహంగా వున్నట్టు. పెళ్ళికూతురి వూళ్ళో ఎవరూ ఏమీ అనుకోలేదు. కారు బాగుందన్నారు.

మూడో నాడు డ్రైవరు ఫోను చేసేడు. మర బిగించి, నూనె చూసుకుని మీట నొక్కితే కప్పు మామూలుగానే కదిలిందిట. తడిసిన సీటు శుభ్రానికి రెండువేలు అతని దగ్గర పట్టుకున్నారుట. ఆ రెండువేలూ అతనికి అప్పుడే పంపించేను. బావగారి నలభైవేలూ ఆయనకి తిరిగి వచ్చేయి.

మా అక్క మాత్రం ఈనాటికీ ఒక ప్రశ్న వేస్తూనే వుంది. పెళ్ళివారింట అరటిగెల దింపలేదని వియ్యపురాలు అడిగిందిట, ఏం చెప్పమంటావు తమ్ముడూ, అని. గెల టీ కొట్టు బల్లమీద వుండిపోయింది. మర్నాడు నేను వెళ్ళి చూసేసరికి నాలుగు పళ్ళు మిగిలివున్నాయి.