పచ్చబొట్టును కొలుచు కొలబద్ద

కేంద్ర సాయుధ పోలీసు దళములలో చేరగోరు యువజనులకు జరుపు వైద్యపరీక్షను గూర్చి కేంద్ర హోంశాఖవారు 2015లో వెలువరించిన నియమావళిలో పచ్చబొట్టునకు ప్రత్యేకముగ నొక స్థానము దొరకినది. మతచిహ్నమునుగాని, దేవతామూర్తినిగాని, పేరునుగాని తెలుపు పచ్చబొట్టు ఉండవచ్చునట. ఎడమ ముంజేతి లోపలి ప్రక్కన నుండవచ్చునట. అఱచేతి వెనుకభాగమున నుండవచ్చునట. కుడి ముంజేతిపై మాత్ర ముండరాదు. ఏలయన, కుడిచేయి పై యధికారికి వందనము సమర్పించు చేయి. పరిమాణముగూడ విధింపబడినది: ఆ బొట్టు తానున్న యవయవభాగములో నాల్గవవంతునకు లోబడి యుండవలెను. సైన్యమువారి నియమము దీనికి కొంచెము భిన్నము. అందు ఏ ముంజేతి లోపలి ప్రక్కనైనను, అఱచేతి వెనుకనైనను ఉండవచ్చును. తక్కిన యెచ్చటను పనికిరాదు. సైన్యమున చేరి శత్రువు నెదిరించుట కడ్డురాని కుడిచేతి పచ్చబొట్టు, విమానాశ్రయ ద్వారమున కాపలా కాయుట కడ్డువచ్చుచున్నదన్నమాట.

ఇది మిక్కిలి చిన్న విషయమని త్రోసిపుచ్చువారుందురు. కాని పల్లెటూరి బీదకుటుంబములో సర్కారు కొలువు ఎంతటిదో యెఱిగినవారు ఆ మాట అనజాలరు. ఒక యువకుడు రెండు మూడేండ్లు తెల్లవారుజామున పొలముగట్లవెంట పరుగులు తీయును. అప్పు చేసి పట్టణమున శిక్షణ పొందును. వ్రాతపరీక్ష గట్టెక్కును, దేహదార్ఢ్యపరీక్ష గట్టెక్కును. తుట్టతుదకు వైద్యుని యెదుట చొక్కా విప్పి నిలువబడగా, పదేండ్లనాడు జాతరలో స్నేహితులతోకూడి పొడిపించుకొన్న పేరు బయటపడును. కండబలము చాలక కాదు, చదువు చాలక కాదు, నడవడియందు కళంకము గలిగి కాదు. పచ్చబొట్టు కుడిచేతిపై నున్నందున అనర్హుడగును. 2022లో ఢిల్లీ హైకోర్టు ముందునకు ఇట్టి వ్యాజ్యమే వచ్చెను. కుడిచేతిపై మతసంబంధమైన పచ్చబొట్టు గల అభ్యర్థి దానిని తొలగించుకొని మఱల వైద్యమండలి యెదుట హాజరగుటకు న్యాయమూర్తులు అవకాశ మిచ్చిరి. సంతోషమే. కాని ఢిల్లీదాక పోయి వకీలును పెట్టుకొను స్తోమతు ఎందఱికి గలదు? నియమము మాత్రము నియమముగనే నిలిచియున్నది.

ఈ బొట్టు ఎవరిదో, ఎట్లు వచ్చినదో పాఠకులు ఒక్కసారి జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. మన తాతమ్మల ముంజేతులపై చుక్కల వరుసలు, తేలుబొమ్మ, పెనిమిటి పేరు, ఇష్టదైవము పేరు మనలో పలువురము చిన్ననాట వ్రేలితో తడిమి చూచినవారమే. ఎరుకలసాని ఊరిలోనికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, సూదులను కట్టగట్టి, దీపపు మసిని ఆకుపసరులో రంగరించి పొడుచుచుండెడిది. పిల్ల యేడ్చిన పాట పాడి మఱపించును. పొడిచినచోట పసుపు పట్టించును. చేరెడు గింజలు, ఒక పాతచీర ప్రతిఫలముగ గొనిపోవును. మసి నల్లనిదే యైనను చర్మము క్రిందినుండి చూచువారికి నీలముతో గూడిన పచ్చదనముగ దోచును. అందువలననే ఆ పేరు. చచ్చినపుడు ఒంటిమీది నగలన్నియు వారసులు ఒలుచుకొందురు గాని పచ్చబొట్టు ఒక్కటే వెంటవచ్చునని మన స్త్రీలు చెప్పుకొనెడి మాటలో ఎంత వేదాంతమున్నదో, ఎంత దారిద్ర్యమున్నదో విడదీసి చెప్పుట కష్టము.

ఇందు ముఖ్యముగ గమనింపదగిన దొకటి గలదు. ఏడెనిమిదేండ్ల పిల్లను అమ్మమ్మ ఒడిలో కూర్చుండబెట్టి పొడిపించిన బొట్టునకు ఆ పిల్ల యెట్లు ఉత్తరవాది యగును? ఏ చేయి చాపవలెనో ఆమెకు చెప్పినవారెవరు? ఇరువదియేండ్ల పిమ్మట హోంశాఖవారు వందనము చేయు చేతిని గూర్చి యొక నియమము వ్రాయుదురని ఆ ముసలమ్మ ఎఱుగునా?

మొగముపైని గుర్తును జూచి మనిషిని నిర్ణయించు నలవాటు మనకు కేవలము పరాయివారు నేర్పినదని మేము చెప్పబోము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున మహాపాతకుల నుదుట ముద్రవేయు శిక్ష విధింపబడియున్నది. దొంగకు కుక్కపాదపు గుర్తు, కల్లుద్రాగినవానికి కల్లుదుకాణపు గుర్తు. మన యింటి దోషమును మనము దాచుకొననక్కఱలేదు. అయితే దానిని సర్కారు యంత్రముగ మార్చినవారు మాత్రము ఈస్టిండియా కంపెనీవారే. 1797లో బెంగాలునందు వారు చేసిన శాసనము ప్రకారము యావజ్జీవ శిక్ష పొందిన ఖైదీ నుదుట, అతని నేరమును, శిక్ష విధించిన తేదీని, న్యాయస్థానమును దేశభాషలో పచ్చపొడిచెడివారు. ఖైదీలు తలపాగాను కనుబొమలదాక దించి కట్టుకొని ఆ వ్రాతను కప్పిపుచ్చుకొనుచుండిరి. ఈ శిక్ష 1849 వఱకు తొలగలేదు. మన స్త్రీలు సౌభాగ్యమునకై పొడిపించుకొను బొట్టును, దొర తన చెఱసాలకు రికార్డుపుస్తకముగ జేసికొనెను.

దీనికి విచిత్రమైన యుత్తరకథ గలదు. 1862లో ఇంగ్లండు యువరాజు, తరువాతి యేడవ ఎడ్వర్డు, జెరూసలేము యాత్రలో తన చేతిపై శిలువ పొడిపించుకొనెను. 1881లో ఆయన కుమారుడు, తరువాతి యైదవ జార్జి, నౌకాదళముతో జపానునకు పోయి చేతిపై సర్పాకృతి డ్రాగను బొమ్మ వేయించుకొనెను. ఆ చేతులు సామ్రాజ్యము నేలుటకు పనికిరావని ఏ వైద్యమండలియు తీర్పు చెప్పలేదు. అదే సామ్రాజ్యము 1871లో నేరస్థజాతుల చట్టము చేసి, 1911లో దానిని మద్రాసు రాజధానికి విస్తరింపజేసి, మనకు పచ్చబొట్టు పొడిచిన యెరుకలవారినే పుట్టుకతో దొంగలని పట్టికలకెక్కించెను. స్టూవర్టుపురపు సెటిల్మెంటు ఆ చట్టపు సంతానమే. దేశమంతటను ఆ చట్టము రద్దగుటకు 1952 దాక పట్టెను.

స్వతంత్రము వచ్చినతోడనే ఈ బుద్ధి పోయినదా? 1993లో అమృతసరులో పోలీసులు నలుగురు స్త్రీల నుదుట జేబుదొంగ యను మాటను పచ్చపొడిపించిరి. ఆ స్త్రీలకు ఇరువదియేండ్లకు పైగా న్యాయము దొరకలేదు. 2016లో గాని సి.బి.ఐ. న్యాయస్థానము దోషులకు శిక్ష విధింపలేదు. కంపెనీ దొరల శాసనము పోయి నూటనలువది నాలుగేండ్లైన పిమ్మట జరిగిన పని యిది! పచ్చబొట్టు నీచజన చిహ్నమను తలంపు ఎచ్చటెచ్చట దాగియున్నదో దీనివలన తెలియగలదు.

ఈ తలంపు ఒక జాతి యాచారమునే మాన్పించిన యుదాహరణము మన దేశముననే గలదు. అరుణాచలప్రదేశమున జీరో లోయలో నివసించు అపతానీ స్త్రీలకు నుదుటినుండి ముక్కుకొనదాక ఒక గీత, గడ్డముపై కొన్ని గీతలు పొడుచుట పరంపరాగతమైన యాచారము. పురుషులకును గడ్డముపై గుర్తుండెడిది. తమ బిడ్డలు చదువుకొని బయటి యూళ్లకు ఉద్యోగములకై పోగా ఆ మొగములను జూచి లోకులు పరిహసించుచున్నారని, కొలువులకు అడ్డువచ్చుచున్నదని, 1970 ప్రాంతముల ఆ జాతి యువజనులే దానిని నిలిపివేసిరి. వారి నిర్ణయమును మేము తప్పుపట్టము, బ్రదుకుతెరువు ముందు. అయినను జీతము కొఱకు తల్లి మొగమును చూచి సిగ్గుపడవలసివచ్చిన బిడ్డల బాధను ఊహింపుడు.

దీనికి ప్రతిగా న్యూజీలాండు సంగతి చూడుడు. అచ్చటి మావోరీలకును ముఖముపైని పచ్చబొట్టు వంశగౌరవచిహ్నము. 2019లో ఆ దేశపు విమానసంస్థ, ఎయిర్ న్యూజీలాండు, కనబడు పచ్చబొట్లపై దనకున్న నిషేధమును తొలగించెను. అసభ్యములు, ద్వేషపూరితములు నగునవి తప్ప. గడ్డముపై మావోరీ బొట్టుగల నానైయా మహుత యను స్త్రీ 2020లో ఆ దేశమునకు విదేశాంగమంత్రిణి యయ్యెను. ఆమె మాటలను ప్రపంచ రాయబారులు వినిరి గాని ఆమె గడ్డమును కొలబద్దతో కొలువలేదు.

ఇక మన పట్టణముల సంగతి. బ్యాంకులలో, ఆసుపత్రులలో, హోటళ్లలో, విమానములలో పనికి జేరువారికి కనబడు పచ్చబొట్టు కూడదను నియమము వ్రాసియో వ్రాయకయో చెల్లుచునే యున్నది. ప్రైవేటు యజమాని యిట్లు చేయరాదని స్పష్టముగ చెప్పు శాసన మేదియు మన దేశమున లేదు. అయితే విరాట్ కోహ్లీ చేతులనిండ బొమ్మలు గలవు. వ్యాపారసంస్థలు ఆ చేతులకే తమ సరకునిచ్చి ప్రకటనలు వేయించుకొనుచున్నవి. హైదరాబాదునందు వేలకువేలు పోసి అద్దాల దుకాణములో వేయించుకొన్న బొమ్మ కళ. తిరునాళ్లలో బ్యాటరీ సూదితో ఏబది రూపాయలకు వేయించుకొన్న పేరు మోటుతనము. సాఫ్ట్‌వేరు కార్యాలయములో మొదటిది ముచ్చట గొలుపును. అదే కార్యాలయపు ద్వారముకడ కాపలాకు వచ్చినవాని చేతిపై రెండవది కనబడిన పర్యవేక్షకుడు పొడుగుచేతుల చొక్కా తొడుగుకొని రమ్మనును. ఇక్కడ తీర్పు చెప్పబడుచున్నది మసికి కాదు, మనిషికి.

మేము విచ్చలవిడి తనమును సమర్థించుటలేదు. పరమతద్వేషమును, స్త్రీలయెడ అవమానమును, ముఠాల పేళ్లను ఒంటిపై వ్రాసికొన్నవానిని పాఠశాలలోనికి రానీయనక్కఱలేదు. పోలీసు దుస్తులు తొడుగనీయనక్కఱలేదు. సైన్యమున ఏకరూపత యవసరమే. ఆరోగ్యమును గూర్చిన భయమును అకారణము కాదు: ఒకే సూదితో పదిమందికి పొడుచుచోట కామెర్ల జాతి వ్యాధులు, ఎయిడ్సు సంక్రమించు ప్రమాదమున్నది. పచ్చబొట్టు పొడిపించుకొన్నవాడు ఏడాదిపాటు రక్తదానము చేయరాదను నియమము అందుకొఱకే. తొలగించుకొనుట సులభమని తలచువారు గూడ పొరపడుచున్నారు. లేసరు చికిత్స పలుమార్లు చేయింపవలెను; వ్యయము అధికము; మచ్చ పూర్తిగ పోవునను నిశ్చయము లేదు. పదునెనిమిదేండ్ల ప్రేమకు గుర్తుగ పేరు పొడిపించుకొన దలచిన యువకునికి ఒక రాత్రి నిదురించి రమ్మని మేమును చెప్పుదుము.

కాని యువకుని తొందరపాటునకును, ఆచారమునకును, చిన్ననాటి యమ్మమ్మ ముద్దునకును ఒకే శిక్ష విధించుట న్యాయము కాదు. గిరిజనుల ఆచారసిద్ధములైన పచ్చబొట్లను ఒక్కొక్కరి సందర్భమును బట్టి విచారించి అనుమతించు పద్ధతి సైన్యమున నున్నది. పోలీసు దళములందును అట్లేల చేయరాదు? గిరిజనులకే గాక, బాల్యమున పెద్దలు పొడిపించిన బొట్టుగల ప్రతి పల్లెబిడ్డకును ఆ విచారణ జరుగవలెను. ప్రభుత్వోద్యోగమున అవకాశ సమానత్వమును వాగ్దానము చేసిన రాజ్యాంగపు 16వ అధికరణము చేతులలో కుడి యెడమల భేదము చూడదు.

నియమము నుంచుకొనదలచినచో దానిని ముందుగ చెప్పవలెను. నియామక ప్రకటనలో ఎక్కడనో అనుబంధములో చిన్నయక్షరములలో గాక, వయస్సు, విద్యార్హతల ప్రక్కనే, అభ్యర్థి చదువగల భాషలో ముద్రింపవలెను. పచ్చబొట్టు పరీక్ష పరుగుపందెమునకు పూర్వమే, మొదటిదినముననే ముగింపవలెను. మూడేండ్లు పరుగెత్తించి చివరి గడపకడ వెనుకకు పంపుట క్రూరము. అభ్యంతరము చెప్పినపుడు బొట్టున్న చోటును మాత్రమే గాక, అందున్న భావమును జూచి, కారణము వ్రాసి యియ్యవలెను.

మా పాఠకులలో మిల్లుల యజమానులున్నారు, పాఠశాలా సంఘములలో సభ్యులున్నారు, ఆసుపత్రులు నడుపువారున్నారు. వీరు ఢిల్లీనుండి ఉత్తరువు వచ్చుదాక ఆగవలసిన పనిలేదు. ఉపాధ్యాయినిగ చేరవచ్చిన యువతి ముంజేతిపై నాలుగు చుక్కలు కనబడినచో ఆమెను ముందుగ నల్లబల్లయొద్దకు పంపి ఒక పాఠము చెప్పించి వినుడు.