గడియారం ఎవరికి కట్టాలి?



'ప్రొడక్షన్ ఎఫిషియెన్సీ' అన్న మాటను మన కార్ఖానాల యజమానులు 'పనివాడి చేతివేగం' అని అనువదించుకొన్నారు. తెలుగు పండితుడిగా చెబుతున్నాను, ఇది తప్పు అనువాదం. ఈ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నవాడు వడ్రంగి.

శాలిబండ దగ్గర ఒక సందులో మంచాలు, అల్మారాలు చేసే చిన్న కార్ఖానా ఉన్నది. "మాస్టర్ సాబ్, మావాళ్లు బద్ధకస్తులు. 2018లో హైటెక్ సిటీలో ఐకియా తెరిచారు. ఆ వేగమెక్కడ, వీళ్ల వేగమెక్కడ! ఇక గడియారం పెట్టి కూలి కోస్తాను" అన్నాడు యజమాని. ఐకియా బల్ల విడిభాగాలుగా పెట్టెలో వస్తుందనీ, బిగించే పని చాలావరకు కొన్నవాడిదేననీ ఆయన మరచిపోయాడు.

ఒక పూట అక్కడే కూర్చుని చూశాను. ఉస్తాద్ చేతిలో ఉలి ఉన్నది, ఎదుట కర్ర లేదు. కోతమిల్లు నుండి పలకలు రాలేదు. నిన్న వచ్చినది సరిగా ఆరని టేకు. అది ఆరి కుంచించుకొన్నాక కుసి వదులైతే, ఊడదీసి మళ్లీ చేయాలి. ఆ రెండవసారి శ్రమకు కూలి లేదు!

లెక్క కోసం అనుకొందాం. ఒక మంచం కార్ఖానాలో 48 పనిగంటలు ఉన్నది. అందులో చేతిపని 10 గంటలు, నిరీక్షణ 38 గంటలు. పనివాడిని అదిలించి అయిదవ వంతు కాలం తగ్గించినా మిగిలేది 2 గంటలే. నిరీక్షణను సగానికి తగ్గిస్తే 19 గంటలు మిగులుతాయి. ఎక్కడ కొలవాలో ఎక్కాలు వచ్చిన పిల్లవాడు కూడా చెప్పగలడు.

గడియారంతో పనిని కొలవడానికి ఆద్యుడనదగిన టేలర్ 1911లో ప్రకటించిన గ్రంథంలోనే గిల్‌బ్రెత్ ఉదంతం ఉన్నది. ఆయన తాపీమేస్త్రీని తొందరపెట్టలేదు. ఇటుకలను వంగకుండా అందే ఎత్తులో పెట్టించి, ఒక్కో ఇటుకకు 18 కదలికలను 5కు తగ్గించాడు. టయోటాకు చెందిన తాయిచి ఓనో చెప్పిన ఏడు వృథాలలో నిరీక్షణ ఒకటి, లోపభూయిష్టమైన పని మరొకటి. 'బద్ధకం' ఆ జాబితాలోనే లేదు.

కనుక ప్రతి మంచానికీ ఒక పలక కట్టండి. కర్ర వచ్చిన వేళ, పని మొదలైన వేళ, ఆగిన కారణం, తిరిగి చేసిన పని, ఈ నాలుగూ అందులో వ్రాయండి. మిగిలిన తుంటలను తూచండి. ఆ పలకపై వ్రాసే అధికారం ఉస్తాద్‌కే ఇవ్వండి. యజమాని వ్రాస్తే అది మళ్లీ కూలి కోతకు సాక్ష్యంగానే మారుతుంది.

నెల తరువాత కూడా దోషం చేతిదేనని తేలితే, నా మాట వెనక్కు తీసుకొంటాను. అంతవరకు గడియారాన్ని మనిషి మెడకు కాదు, మంచం కోడుకు కట్టండి.