మమ్మల్ని అడిగి చూడండి!

మా అక్క కూతురు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటుంది. వెళ్ళి పాతికేళ్ళు దాటింది, అక్కడి పౌరసత్వమూ వచ్చింది. ఓటు విషయంలో మాత్రం అచ్చం మా ఇంటి ఆడపిల్లే! "ఎవరు గెలిస్తే నాకేంటి పిన్నీ, పొద్దున్నే లేచి లంచ్ బాక్సులు కట్టాల్సింది నేనేగా" అనేది. అలాంటి పిల్ల 2022 నవంబరులో ఫోన్ చేసి, "ఈసారి ఓటేశాను పిన్నీ. కాలేజీలో చదివే మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకెళ్ళాను" అంది. ఎవరికి వేశావే అని అడిగితే, "ఎవరికో తర్వాత చెప్తాను, ముందు మూడో ప్రశ్నకి వేశాను" అంది.

మనకి ఓటంటే మనిషికో, గుర్తుకో వెయ్యడం. ప్రశ్నకి వెయ్యడమేమిటని నాకు వింతగా అనిపించింది. తర్వాత దాని గురించి చదివిన కొద్దీ వింత పోయి కాస్త అసూయ పుట్టిందని చెప్పడానికి సిగ్గుపడను.

అమెరికాలో 24 రాష్ట్రాల్లో ఈ పద్ధతి ఉంది. ఫలానా చట్టం కావాలని జనం అనుకుంటే, ఆ సంగతి కాగితం మీద రాసి ఇంటింటికీ తిరిగి, సంతల్లో నిలబడి సంతకాలు పోగుచేస్తారు. కావలసినన్ని సంతకాలు వస్తే అది ఎన్నికల బ్యాలెట్ మీదికే ఎక్కుతుంది. గవర్నరు, శాసనసభ్యుల పేర్లతో పాటు అదే బ్యాలెట్‌లో ఈ ప్రశ్న కూడా ఉంటుంది. జవాబుకి అవును, కాదు అని రెండే గళ్ళు. కొన్నిసార్లు శాసనసభే తనంతట తాను ప్రశ్న పెట్టి జనాన్ని అడుగుతుంది.

ఈ సంతకాల పద్ధతిని 1898లో సౌత్ డకోటా మొదలుపెట్టింది, 1902లో ఆరెగాన్ అందుకుంది. ఆరెగాన్ కథ ఆడవాళ్ళం తెలుసుకోవాల్సిందే. ఆడవాళ్ళకి ఓటు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న అక్కడ ఆరుసార్లు ఓటుకు వచ్చింది. 1884లో మొదటిసారి అడిగితే 1912లో, ఆరోసారికి గానీ గెలవలేదు. అన్నిసార్లు 'వద్దు' అన్నది మగవాళ్ళే. ఓటు వాళ్ళకే కదా ఉండేది! మొదటినుంచీ ఆ పోరాటంలో ఉన్న అబిగేల్ స్కాట్ డునివే గెలుపు చూసేనాటికి 78 ఏళ్ళ ముసలమ్మ. ఇంకో రెండేళ్ళకి, 1914లో, ఆడవాళ్ళు ఓటు వేసిన తొలి సాధారణ ఎన్నికల్లోనే ఆ రాష్ట్రం మద్యనిషేధం ప్రశ్నకి 'అవును' అంది. తమాషా ఏమిటంటే డునివేకి మద్యనిషేధం ఇష్టం లేదు. ఆ గొడవ ఇందులో కలిపితే మద్యం వ్యాపారులు ఆడవాళ్ళకి ఓటే రానివ్వరని ఆమె భయం.

ఇక మన కాలానికి వస్తాను. 2022 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు గర్భస్రావం హక్కు గురించి 1973లో తనే ఇచ్చిన తీర్పుని కొట్టేసింది. ఇక ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిదే అంది. (మన దేశంలో 1971లోనే దీనికి చట్టం వచ్చింది. మనల్నెవరూ అడగలేదనుకోండి, అడక్కుండానే వచ్చిన మేలు.) ఆ తీర్పు తర్వాత మొదట ఓటుకు వెళ్ళింది కాన్సాస్. 1964 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్లని ఒక్కసారి కూడా గెలిపించని రాష్ట్రం అది. రాష్ట్ర రాజ్యాంగంలో గర్భస్రావం హక్కు లేదని రాయాలా అన్నది ప్రశ్న. దాన్ని శాసనసభే పెట్టింది. ఎప్పుడు పెట్టిందనుకున్నారు? నవంబరులో కాదు, ఆగస్టు 2న, పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక నాడు. ఆ ఎన్నికకి మామూలుగా పార్టీ జనం తప్ప ఇంకెవరూ ఇల్లు కదలరు. ఏ పార్టీలోనూ లేనివాళ్ళకి అక్కడ పెద్దగా పనే ఉండదు. నాకైతే అందులో లెక్క కనిపిస్తోంది. ఎండాకాలం, సెలవులు, ఆడవాళ్ళు పట్టించుకోరు... అలా అనుకుని ఉంటారు. పైగా ప్రశ్న రాసిన తీరు చూస్తే హక్కు కావాలన్నవాళ్ళు 'కాదు' అన్న గడిలో గుర్తు పెట్టాలి!

తీరా ఆ రోజు 9 లక్షల మందికి పైగా వచ్చారు. 2018 ప్రైమరీకి వచ్చినవాళ్ళకి దాదాపు రెట్టింపు. కోర్టు తీర్పు తర్వాత ఓటరుగా కొత్తగా పేరు రాయించుకున్నవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువని అప్పట్లో పత్రికలు రాశాయి. నూటికి 59 మంది 'కాదు' అన్నారు. రెండు పార్టీల లెక్కలూ తారుమారయ్యాయి.

మిషిగన్‌లో ప్రశ్న పెట్టింది జనమే. గర్భస్రావం హక్కుని రాజ్యాంగంలో చేర్చాలంటూ 7 లక్షల 50 వేలకు పైగా సంతకాలు తెచ్చి ఇచ్చారు. వాటిని పరిశీలించే బోర్డులో ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు కుదరదన్నారు. ఎందుకయ్యా అంటే, ముద్రించిన కాగితంలో మాటలకీ మాటలకీ మధ్య ఖాళీ సరిగా లేదట! అన్ని లక్షల సంతకాలకి వచ్చిన అడ్డు అది. సెప్టెంబరులో రాష్ట్ర సుప్రీం కోర్టు కలగజేసుకుని ప్రశ్నని బ్యాలెట్ ఎక్కించింది. మా అక్క కూతురు చెప్పిన మూడో ప్రశ్న అదే. సుమారు 57 శాతం ఓట్లతో నెగ్గింది. అదే రోజు గవర్నరు గ్రెచెన్ విట్మర్ మళ్ళీ గెలిచింది, శాసనసభ రెండు సభలూ ఆమె పార్టీ చేతికి వచ్చాయి. గవర్నరు పదవీ రెండు సభలూ డెమొక్రాట్లకి కలిసిరావడం అక్కడ దాదాపు 40 ఏళ్ళ తర్వాత అదే మొదలు.

అంతా మూడో ప్రశ్న మహిమేనా? కాదు. ఆ ఎన్నిక నాటికి నియోజకవర్గాల సరిహద్దులు కొత్తగా గీశారు. అంతకుముందు ఆ గీతలు అధికారంలో ఉన్న పార్టీ తనకి అనుకూలంగా గీసుకునేది. ఆ పని పార్టీల చేతిలోంచి తీసి జనంలోంచి ఎంచిన కమిషన్‌కి ఇచ్చింది కూడా ఒక బ్యాలెట్ ప్రశ్నే. 2016 ఎన్నికలు ముగిశాక కేటీ ఫేహీ అనే 27 ఏళ్ళ అమ్మాయి, ఈ అన్యాయం సరిచేద్దాం, ఎవరైనా వస్తారా అని ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసింది. ఆ రాతతో కదిలిన జనం జీతం భత్యం లేకుండా తిరిగి 4 లక్షలకు పైగా సంతకాలు తెచ్చారు. 2018లో ఆ ప్రశ్న 61 శాతంతో గెలిచింది. రాజకీయాల్లో ఏ పదవీ లేని ఆడపిల్ల మొదలుపెట్టిన పని నాలుగేళ్ళ తర్వాత ఒక రాష్ట్ర శాసనసభ రూపం మార్చడంలో పాలు పంచుకుంది.

ప్రశ్న ఉంటే ఓటర్లు ఎక్కువ వస్తారన్నది నేను కనిపెట్టిందేమీ కాదు. అక్కడి రాజనీతి పండితులు ఎన్నో ఏళ్ళుగా లెక్కలు తీస్తున్నారు. అధ్యక్ష ఎన్నిక ఉన్న ఏడు జనం ఎలాగూ వస్తారు కాబట్టి తేడా తక్కువ. అది లేని ఏడు, జనం బద్ధకించే ఎన్నికల్లో తేడా ఎక్కువ కనిపిస్తుందంటారు. వంటింట్లోంచి చూసినా ఇది అర్థమయ్యే సంగతే. మనింటికి చుట్టాలొస్తున్నారంటే పనులన్నీ ఆపుకుని వీధి గుమ్మంలోకి వస్తాం. ఎవరింటికో వస్తున్నారంటే కిటికీలోంచి చూసి ఊరుకుంటాం.

ఇది రాజకీయ నాయకులకి తెలియక కాదు. 2004లో 11 రాష్ట్రాల్లో స్వలింగ వివాహాలని నిషేధించే ప్రశ్నలు బ్యాలెట్ ఎక్కాయి, పదకొండూ గెలిచాయి. ఓహాయోలో ఆ ప్రశ్న కోసం వచ్చినవాళ్ళే బుష్‌ని గట్టెక్కించారని చాలామంది అన్నారు. తర్వాత లెక్కలు చూసిన పండితులు కొందరు అంత గట్టిగా చెప్పలేమన్నారు. ఏమైనా ఆ ప్రశ్నలు ఒకరి హక్కుని పదిమంది చేత తీయించడానికి పెట్టినవి. డబ్బున్నవాళ్ళూ ఈ దారి పడతారు. 2020లో కాలిఫోర్నియాలో యాప్ టాక్సీల కంపెనీలు కలిసి, డ్రైవర్లు మా ఉద్యోగులు కారనే ప్రశ్న పెట్టించి, 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేసి గెలిపించుకున్నాయి. అడిగేవాళ్ళు మంచివాళ్ళే ఉంటారన్న హామీ ఏమీ లేదు.

ప్రశ్న కోసం వచ్చినవాళ్ళంతా మన పార్టీకే వేస్తారనుకుంటే అదీ పొరపాటే. 2024 నవంబరులో 10 రాష్ట్రాల్లో గర్భస్రావం మీద ఓటు జరిగింది, 7 చోట్ల హక్కు నెగ్గింది. ఆ ఏడింటిలో నాలుగు, అరిజోనా, మిసోరీ, మోంటానా, నెవాడా, అదే రోజు ట్రంప్‌ని గెలిపించాయి. ఫ్లోరిడాలో హక్కు కావాలన్నవాళ్ళు 57 శాతం, ట్రంప్‌కి వేసినవాళ్ళు 56 శాతం. 60 శాతం రావాలన్న నియమం వల్ల 57 వచ్చిన ప్రశ్న ఓడింది, 56 వచ్చిన మనిషి గెలిచాడు! ఇవి చూసి డెమొక్రాట్లు తెల్లబోయారు గానీ నాకు ఆశ్చర్యం లేదు. ఆ ఓటు ప్రశ్నది, పార్టీది కాదు. కూరగాయల బండివాడి దగ్గర వంకాయలు బాగున్నాయని కొంటే, పుచ్చిన టమాటాలు కూడా తీసుకోవాలా? ఏది కావాలో అది ఏరుకునే వీలు ఆ బ్యాలెట్‌లో ఉంది. ఏరుకున్నారు.

ఆ వీలు మనకి లేదు. నా అసూయంతా అక్కడే.

మా అత్తగారిది నెల్లూరు జిల్లా. ఆ జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ, వాచకంలో సారా కథ చదివి, అది మా ఇంటి కథే కదా అని లేచారు. 1992లో ఊరూరా పాకెట్లు తగలబెట్టారు, వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 ఎన్నికల్లో ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం చేస్తానన్నారు. అంతవరకూ మామగారు చెప్పిన గుర్తుకే వేసే మా అత్తగారు ఆ రోజు తెల్లవారకముందే తలంటుకుని, ఆయన్ని లేపకుండా, పక్కింటి వాళ్ళతో కలిసి వెళ్ళి వేసొచ్చారు. ఏ గుర్తుకి వేశారో చెప్పలేదు. "సారా మీద వేశానమ్మా" అన్నారు. అంటే ఆవిడా ప్రశ్నకే వేశారు. కాకపోతే బ్యాలెట్ మీద ఆ ప్రశ్న లేదు. మనిషి పేరు, గుర్తు మాత్రమే ఉన్నాయి. వాటి మీద ముద్ర వేసి, లోపల ప్రశ్నని ఊహించుకున్నారు.

ఎన్.టి.ఆర్. ప్రమాణం చేసిన రోజే ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరిలో నిషేధం అమలైంది. 1997లో ఎత్తేశారు. ఖజానా ఖాళీ అన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. ఆ మాటల్లో కొంత నిజం ఉండొచ్చు, నేను కాదనను. కానీ అంతమంది ఆడవాళ్ళు ఓటు వేసి తెచ్చుకున్నదాన్ని తీసేసేటప్పుడు ఒక్కరినైనా అడిగారా? ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయో! 2019లో దశలవారీ నిషేధమన్నారు, అది దరి చేరలేదు. ప్రభుత్వం మారాక, 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ తీసి మూడు వేలకు పైగా దుకాణాలు ప్రైవేటువాళ్ళకి ఇచ్చారు. అప్పుడూ అడగలేదు.

అమెరికాలో మాత్రం అడిగిన మాట నిలబెడుతున్నారా అంటే, అన్నిచోట్లా లేదు. మిసోరీ ఓటర్లు 2024లో జబ్బు చేస్తే జీతంతో సెలవు ఇవ్వాలన్న ప్రశ్నని 57 శాతంతో గెలిపిస్తే, 2025లో శాసనసభ ఆ సెలవుని రద్దుచేసింది. గర్భస్రావం హక్కునీ తిరిగి ఓటుకు పెట్టాలని అదే ఏడు తీర్మానించింది. ఇది రాజ్యాంగంలోకి ఎక్కింది కాబట్టి మళ్ళీ జనాన్ని అడక్కుండా తీయలేరు. మా అత్తగారి ఓటుకి ఆ మాత్రం రక్ష కూడా లేకపోయింది.

మన దగ్గర ఇదంతా కుదిరే పని కాదంటారా? పక్కనే మహారాష్ట్ర ఉంది. ఊళ్ళో మద్యం దుకాణం వద్దనుకుంటే, మహిళా ఓటర్లలో నాలుగోవంతు మంది సంతకాలు పెట్టి ఇస్తే, అధికారులు రహస్య ఓటింగ్ జరపాలని అక్కడ 2008 నుంచి నిబంధన ఉంది. చదువు రానివాళ్ళ కోసం బ్యాలెట్ మీద రెండు బొమ్మలు: నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. దుకాణం ఉండాలంటే నిలువు సీసా, మూయాలంటే అడ్డం సీసా. కావలసినన్ని ఓట్లు అడ్డం సీసాకి పడితే దుకాణానికి తాళమే. కొన్ని ఊళ్ళలో గెలిచారు, కొన్ని ఊళ్ళలో ఓడారు. ఓడినచోట కూడా అడిగి ఓడించారు.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఈ నిబంధన తేవాలని నేనంటాను. రాష్ట్రమంతా వద్దు, ముందు ఊరికొక ప్రశ్న చాలు. ఆడవాళ్ళు ఓటుకు రారని విసుక్కునే పార్టీలవాళ్ళు ఆ రోజు బూత్ దగ్గర వరస చూడొచ్చు.

ఈ మధ్య మా అక్క కూతురు సెలవులకి వచ్చినప్పుడు ఈ రెండు సీసాల సంగతి చెప్పాను. మా అత్తగారు పక్క గదిలోంచి విని, కర్ర పట్టుకుని మెల్లగా ఇవతలికి వచ్చారు. ఆవిడకిప్పుడు ఎనభై ఎనిమిది. "ఆ పడుకోబెట్టిన సీసా ఏదో ఇంకోసారి చెప్పు" అని, నేను కాగితం మీద గీసి చూపించేదాకా కదల్లేదు.