రక్తం మనది, లెక్క ఎవరిది?

మొన్న తెనాలిలో మా వాడకి రక్తపరీక్షల శిబిరం ఒకటి వచ్చింది. ఫారంలో పేరు, వయసు, ఆ వెంటనే కులం. మా పెద్దమ్మ వేలిముద్ర వేసి, "ఈ రగతం యాడికి పోద్దయ్యా?" అనడిగింది. "పైకి పంపుతారమ్మా" అన్నాడు అక్కడి కుర్రాడు. అంతే జవాబు.

మిత్రులారా, ఆ ప్రశ్న చిన్నది కాదు.

2001లో విశాఖ జిల్లా కులాల జన్యువులపై ఒక అంతర్జాతీయ అధ్యయనం అచ్చయింది. అందులో మాల, మాదిగ, రెల్లి నమూనాలున్నాయి. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనంలోనూ మాల, మాదిగలున్నారు. నేను సైన్సుకి వ్యతిరేకిని కాను. కులం లోపలే పెళ్లి అనే కట్టుబాటే కులానికి ప్రాణమని అంబేడ్కర్ 1916లోనే చెప్పారు. ఆ గోడ మన రక్తంలో కూడా గుర్తులు వదిలిందని జన్యుశాస్త్రం చూపించింది.

ప్రమాదమూ అక్కడే ఉంది. లోపలే పెళ్లిళ్లు జరిగిన చోట ఒకరి డీఎన్‌ఏ చుట్టాలందరి గురించీ చెబుతుంది. వేలిముద్ర ఒకరిది, బయటపడేది వాడంతా.

మరి చట్టం? 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లు జన్యు సమాచారాన్నీ కులాన్నీ సున్నితమైన డేటాగా విడిగా గుర్తించింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ విభాగమే లేదు. పైగా ఫలానా వ్యక్తి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడనంతవరకు, ప్రమాణాలు పాటిస్తే పరిశోధనకి మినహాయింపు ఇచ్చారు. కులం మనల్ని ఒక్కొక్కరిగా ఎప్పుడు చూసింది? ఊరి బయట పెట్టింది అందరినీ కలిపే కదా!

ఇక 2022 నేర గుర్తింపు చట్టం. అరెస్టయిన వాళ్ల జీవ నమూనాల వివరాలు 75 ఏళ్లు దాచొచ్చు. విడుదలైతే తీసేయాలని రాసుంది నిజమే. కానీ చుండూరులో 1991లో మనవాళ్లని చంపితే కింది కోర్టు తీర్పు రావడానికే 16 ఏళ్లు పట్టింది. అబద్ధపు కేసులో ఇరుక్కున్న మన కుర్రాడు ఎన్నేళ్లు ఆగాలి? అత్యాచార కేసుల్లో డీఎన్‌ఏ సాక్ష్యం మనకి కావాలి. దాని పేరుతో వాడల జాబితా తయారుకాకూడదు.

మనం అడగాల్సింది ఇది: జన్యు డేటాకి విడిగా చట్టం. తెలుగులో చదివి వినిపించాకే అనుమతి. వద్దంటే వెనక్కి తీసుకునే హక్కు. ఉద్యోగానికీ బీమాకీ వాడకుండా నిషేధం. కులాల వారీ పరిశోధనకి ఆ జనం ప్రతినిధులు కూర్చున్న కమిటీ ఒప్పుకోలు.

విద్యార్థులారా, ఈసారి మీ వాడకి శిబిరం వస్తే పరీక్ష మానొద్దు, జబ్బు ముదరబెట్టుకోవద్దు. ఫారం మాత్రం చదవండి. పెద్దమ్మ ప్రశ్న మీరూ అడగండి. రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

జై భీమ్.