పరదేశ విద్యయు, మన మందుల కర్మాగారములును

విశాఖపట్టణమునుండి శ్రీకాకుళమునకు బోవు రాజమార్గమున, రణస్థలమునకు సమీపమున, పైడిభీమవరమను గ్రామము గలదు. అచ్చటి కర్మాగారములలో తయారగు మందులు సముద్రములు దాటి దూరదేశముల రోగులకు జేరుచున్నవి. వీనిలో పెక్కింటిని మొదట కనుగొన్నవారు మనవారు కారు. అందుచే కొందరు, పరుల విద్యను దొంగిలించి బాగుపడినారని యాక్షేపింతురు. ఈ మాట నాకు సమ్మతము గాదు.

1961లో స్థాపితమైన ఇండియన్ డ్రగ్స్ అను ప్రభుత్వసంస్థ సోవియట్ దేశపు సాయముతో హైదరాబాదున మందుల కర్మాగారమును నెలకొల్పెను. అందు పనిచేసినవారిలో డాక్టరు అంజిరెడ్డిగా రొకరు. వారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. దానికి పైడిభీమవరమునను కర్మాగారములు గలవు. 1970 నాటి పేటెంటు చట్టము మందునకు గాక, దానిని చేయు పద్ధతికి మాత్రమే హక్కు నొసగెను. వేరొక పద్ధతి నెరిగినవాడు ఆ మందును చేయవచ్చును. చట్టము తలుపు తెరచినదే గాని, నడచుటకు కాళ్లు వలయును గదా!

ఒమెప్రజోలు అను మందు కడుపులోని ఆమ్లమును తగ్గించును. దీనిని స్వీడను దేశమున ఆస్ట్రా సంస్థవారు కనుగొనిరి. డాక్టర్ రెడ్డీస్ వారు ఇచ్చట తయారుచేసిరి. దానిని గూర్చిన పత్రములను ఎవరైనను చదువవచ్చును. కాని ఎంత వేడిమిలో ఎంతసేపు కాచవలెను, మలినము నెట్లు తొలగింపవలెను అనునవి ప్రయోగశాలలో చేతులు కాల్చుకొన్నవానికే తెలియును. గాజుబుడ్డిలో గుప్పెడు చేయుట యొకటి. టన్నులకొలది చేయుట మరియొకటి. 2005లో చట్టము మారి, మందునకే హక్కు వచ్చినది. నాటినుండి సొంత పరిశోధన లేని సంస్థకు దారి మరింత యిరుకైనది.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. మందు చేయు విద్యను ఇంత శ్రద్ధతో తెచ్చుకొన్న ఈ పరిశ్రమ, మురుగునీటిని శుద్ధిచేయు విద్యను అంత శ్రద్ధతో తెచ్చుకొనెనా? గెడ్డల నీరు చెడుచున్నదని చుట్టుపట్ల రైతులును, మత్స్యకారులును పలుమారులు మొరపెట్టుకొనిరి. ఆ శాస్త్రమును విదేశీయ గ్రంథములలో ముద్రితమై యున్నదే. అమెరికా తనిఖీదారులు కోరినంత శుభ్రతను గోడలోపల నిలుపగలవారికి, గోడ యవతల నిలుపుట యసాధ్యము గాదు.

తలిదండ్రులు తమ బిడ్డలకు ఆ కర్మాగారములలో ఉద్యోగములు గోరుట సహజమే. అట్లయిన, పరీక్షల ముందు మాత్రమే రసాయనశాల తాళము తీయు నలవాటును మన మండలపు పాఠశాలలు మానవలెను. వారమున కొకదినమైనను పిల్లల చేతికి గాజునాళిక లిచ్చి, సమీపమున నున్న గెడ్డనుండి సీసాడు నీరు తెప్పించి, దానిని పరీక్షింపనిండు.