స్త్రీల ఆరోగ్యము: నిండు నెలలలో నిద్ర

గడచిన వైశాఖమున ఒకనాడు కోనసీమలోని మా చెల్లెలి యింటికి బోయితిని. వారిది గోదావరి పాయల నడుమనున్న లంక గ్రామము. ఆమె కొమార్తె తొలిచూలు. ఎనిమిదవ నెల నడుచుచుండగా పుట్టింటికి వచ్చియుండెను. చలిమిడియు, గాజులును, పేరంటమును అన్నియు ముచ్చటగా జరిగినవి. ఇంటిల్లిపాదియు నామెను కంటికి ఱెప్పవలె కాచుకొనుచుండిరి. అయినను పిల్ల మొగము వాడి, కన్నులక్రింద నల్లని చారలు తేలి, కూర్చున్నచోటనే కునికిపాట్లు పడుచుండెను. “ఏమమ్మా, రాత్రి నిద్ర పట్టుటలేదా?” అని యడిగితిని. “నిద్ర యెక్కడిది పెద్దమ్మా! పడకమీదికి బోవుటకే భయముగా నున్నది” అని యామె బదులు చెప్పెను.

భయమెందులకో విచారింపగా కొంత తెలిసినది. గర్భిణి పరుండినచోటనే ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు దొర్లినచో బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకొనుననియు, లేచి కూర్చుండి, పిదప రెండవ ప్రక్కకు పరుండవలెననియు వాళ్ళ మామ్మగారు గట్టిగా చెప్పియుండిరి. ఈ మాట మన యిండ్లలో నెల్లరు నెఱిగినదే. నేనును నా కాన్పుల దినములలో వినియే యున్నాను. ఆ పిల్ల రాత్రికి పదిసారులు లేచి కూర్చుండి, విసిగి, తుదకు తిరుగుటయే మానివేసి, తెల్లవారువఱకు వెల్లకిల కదలక పరుండుచుండెనట. పరుండిన కొంతసేపటికే గుండె దడయు, ఊపిరాడనట్లుండుటయు, తల తిరుగుటయు! పగలైన నొక కునుకు తీయుదమన్నచో “పగటినిద్రకు ఒంటికి నీరు పట్టును” అను మఱియొక అడ్డంకి.

సోదరీమణులారా! పెద్దల మాటలలో పనికివచ్చునవి పెక్కు కలవు. మామ్మగారిని చులకన చేయుట నా తలంపు గాదు. ఆ పిల్లమీద ప్రేమచేతనే యామె చెప్పెను. కాని యీ మాటమాత్రము నిజము గాదు. బిడ్డ ఉమ్మనీటిలో తానే తేలుచు, కాలు సేతులాడించుచు, పల్టీలు కొట్టుచుండును. ఆ యాటలోనే పేగు మెడకు చుట్టుకొనుచుండును. తల్లి యిటు తిరిగినను, అటు తిరిగినను దానితో సంబంధము లేదు. పుట్టిన బిడ్డలలో నలుగురైదుగురికి ఒకరి మెడకు పేగు చుట్టుకొనియే యుండును. మిక్కిలి యెక్కువమందికి దానివలన హాని కలుగదు. కావున హాయిగా దొర్లవచ్చును. అయితే బరువు మనిషి గనుక మోకాళ్ళు ముడిచి, భుజమును నడుమును ఒక్కసారిగా మెల్లగా త్రిప్పినచో నడుము పట్టకుండును.

పగటినిద్రను గూర్చియు నిట్లే. మధ్యాహ్నము అరగంటయో, ముప్పావుగంటయో కన్ను మూసినందువలన నీరు పట్టదు. సాయంకాలమువఱకు సాగదీసినచో మాత్రము రాత్రినిద్ర చెడును.

వెల్లకిల పరుండుటయే నిజముగా విడువవలసిన యలవాటు. నెలలు నిండిన గర్భాశయము, బిడ్డ, మావి, ఉమ్మనీరు కలిసి పెద్ద బరువు. వెల్లకిల పరుండినపుడు ఈ బరువంతయు వెన్నెముక ప్రక్కగా బోవు పెద్ద సిరపై బడును. కాళ్ళనుండియు, పొత్తికడుపునుండియు గుండెకు మరలివచ్చు నెత్తురు ఆ సిర గుండనే రావలెను. అది నొక్కుకొనినచో గుండెకు జేరు నెత్తురు తగ్గును. తల్లికి దడ, కండ్లు తిరుగుట. బిడ్డకు జేరు ప్రాణవాయువును తగ్గును. మా పిల్లకు కలిగిన బాధ యిదియే. న్యూజిలాండు, ఆస్ట్రేలియా, బ్రిటను మొదలగు దేశములలో జరిగిన పరిశోధనలను కలిపి 2019లో వైద్యులు లెక్క చూచిరి. 28 వారములు దాటిన పిదప వెల్లకిల నిద్రకు పూనుకొనువారిలో, ప్రక్కకు తిరిగి నిద్రించువారికంటె, బిడ్డ కడుపులోనే చనిపోవు నపాయము ఇంచుమించు రెండున్నర రెట్లుగా కనబడినది. అట్టి దుఃఖము మొత్తముమీద అరుదైనదే గనుక ఈ లెక్క చూచి బెంబేలు పడవలదు. కాని తప్పించుకొనుటకు కాసైన ఖర్చు లేనప్పుడు తప్పించుకొనకుండుట యెందులకు?

ఎడమప్రక్కనే పరుండవలెనా యని పలువురు అడుగుదురు. ఎడమప్రక్క మంచిదే, గుండెలో మంట గలవారికి మఱియు సుఖము. కాని పైన చెప్పిన లెక్కలో కుడి యెడమలకు భేదము కనబడలేదు. ఏ ప్రక్కకైనను తిరుగుడు. ముఖ్యమైనది నిద్ర పట్టబోవునప్పటి భంగిమ. ఏలయనగా రాత్రిలో నెక్కువసేపు నిలుచునది అదియే. నడిరేయి మెలకువ వచ్చి చూచుకొనునప్పటికి వెల్లకిల నున్నచో గుండె బాదుకొననక్కఱలేదు. మరల ప్రక్కకు తిరిగి కన్ను మూయుడు. పగటి కునుకునకును ఇదే పద్ధతి.

ఇచట నొక మాట. గ్రహణము పట్టినపుడు గర్భిణిని గదిలో బెట్టి, కదలక మెదలక వెల్లకిల పరుండబెట్టి, మంచినీరైనను ఈయని యిండ్లు నేటికిని కలవు. గది లోపల నుంచుట మీ యిష్టము. ప్రక్కకు తిరుగనిండు, దాహమైనప్పుడు నీరిండు.

పడక సంగతి. పల్లమైన నులకమంచముపై ఎవ్వరును ప్రక్కకు నిలువలేరు. దేహము దానంతట అదియే వెల్లకిల దొర్లును. మా చెల్లెలి యింట పిల్ల పరుండుచుండినది అట్టి మంచమే! నులక బిగించుటకైనను ఓపిక లేనిచో బల్లమంచముపై బూరుగుదూది పఱుపు మేలు. ఒక దిండు తలక్రింద, ఒకటి మోకాళ్ళ నడుమ, సన్ననిదొకటి కడుపుక్రింద, వీలైనచో వీపు వెనుక మఱియొకటి. వీపు వెనుకనున్న దిండు నిద్రలో వెల్లకిల దొర్లకుండ ఆపును. దుకాణములలో గర్భిణులకని పొడవైన వంకర దిండ్లు అమ్ముచున్నారు. కొనగలవారు కొనవచ్చును గాని పాతచీర మడతలు చుట్టిన దిండును ఆ పనియే చేయును.

మన గోదావరిసీమలో వేసవి గర్భిణికి రెండు శత్రువులు: ఉక్క, దోమ. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. సముద్రపు చేరువచేత గాలిలోని చెమ్మ చెమటను ఆఱనీయదు. గర్భిణి దేహము మొదలే వేడి. సాయంకాలము చల్లని నీట స్నానము చేసి, పలుచని నూలుచీరయో వదులైన నూలు గౌనో ధరించి, గాలి ఒక కిటికీనుండి వచ్చి వేఱొకదానినుండి పోవునట్లు మంచము వేసికొనవలెను. దోమ మాటకు వచ్చినచో, ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిననాటినుండి కాలువలతోను, చేలతోను, ఇప్పుడు చేపల చెరువులతోను నీరు నిండిన సీమ మనది. దోమ కుట్టుటచేత నిద్ర చెడుట యటుండగా జ్వరములును కలుగును. మూసిన గదిలో పొగచుట్టలు ముట్టించుటకంటె దోమతెర యెంతయో మేలు. తెర చిన్నదైనచో గాలి యాడదు, పెద్దది కుట్టించుడు.

రాత్రి మాటిమాటికి మూత్రమునకు లేచుట నిండు నెలలలో సహజము. పగలు నీరు బాగుగా త్రాగి, పరుండుటకు రెండుగంటల ముందుగా తగ్గించినచో కొంత నయము. వేసవిలో మొత్తముమీద నీరు తగ్గింపరాదు సుమా! పెరటిలోనికి పోవలసిన యిండ్లలో దారికి సన్నని దీపముండవలెను. తడిగచ్చుపై జాఱినచో కలుగు కీడు నిద్రలేమికంటె పెద్దది. మూత్రములో మంటయున్నచో వైద్యునికి చూపవలెను.

గుండెలో మంటకు మందు వంటయింటిలోనే యున్నది. కొత్త ఆవకాయ ముద్ద పగటిభోజనములోనే ముగింపవలెను. రాత్రి కొంచెము తిని, పొద్దుండగనే తిని, రెండుగంటలు గడచినగాని పరుండరాదు. మన వారికి సాయంకాలపు కాఫీ లేనిది ప్రొద్దు గడవదు. నిండు నెలలలో దానిని ఉదయమునకు జరుపుకొనుడు.

కొందఱికి నడిరేయి కాలిపిక్క పట్టి ప్రాణము విలవిలలాడును. కాలు చాచి, వ్రేళ్ళను మోకాలివైపునకు లాగి పట్టినచో వదలును. మఱికొందఱికి నొప్పి లేదు గాని పరుండినంతనే కాళ్ళు లాగుచున్నట్లును, కదపక తప్పనట్లును ఉండును. దీనిని నరముల నీరసమని త్రోసివేయరాదు. పెక్కుసారులు నెత్తురులో ఇనుము తగ్గుటయే కారణము. మన రాష్ట్రమున గర్భిణులలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత కలదని 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే తెలిపినది. ప్రభుత్వమువారిచ్చు ఇనుప మాత్రలు తెచ్చి అలమరలో దాచువారిని నేనెందఱినో చూచితిని. వానిని భోజనానంతరము మ్రింగవలెను. కాఫీ, టీలతో మ్రింగరాదు. సున్నపు మాత్రతో కలిపి మ్రింగినచో ఇనుము వంటబట్టదు, రెంటికిని వేర్వేఱు వేళలుండవలెను. నిద్రమాత్రలు మాత్రము వైద్యులు వ్రాసి యిచ్చిననే గాని ముట్టరాదు.

నిద్ర చెడుట అన్నివేళల అమాయకమైనది గాదు. అరచేతులు, అరికాళ్ళు రాత్రివేళ విపరీతముగా దురదపెట్టుట కాలేయ సంబంధమైన వ్యాధి కావచ్చును. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబాఱుట, మొగమును చేతులును ఉబ్బుట రక్తపు పోటుకు గుఱుతులు. ఎన్నడు లేని పెద్ద గుఱక క్రొత్తగా వచ్చినను రక్తపు పోటు చూపించుకొనవలెను. వీనన్నిటికంటె ముఖ్యము బిడ్డ కదలిక. కడుపులోని బిడ్డయు నిద్రించును. ఆ నిద్ర సాధారణముగా ఇరువదినుండి నలువది నిమిషములు, గంటన్నర దాటుట అరుదు. ఎప్పుడు నాడు బిడ్డ ఆడకుండినను, ఆట తగ్గినట్లు తోచినను తెల్లవారనిమ్మని వేచియుండక 108కి ఫోను చేసి ఆసుపత్రికి బోవలెను. ఇంటివారు నిద్రలో నున్నారని మొగమాటపడరాదు.

ఇక మా పిల్ల కథ. దొర్లవచ్చునని చెప్పితిని, దిండ్లు అమర్చితిని, నులకమంచము మార్పించితిని. ఆ రాత్రి ఆమెతో ఒకే గదిలో పరుండితిని. పదకొండు గంటలైనను పిల్ల ప్రక్కకు తిరిగి కన్నులు తెఱచుకొనియే యున్నది! కారణము వేఱొకటి కలదని యప్పుడు బోధపడినది. చీకటిలో మెల్లగా అడిగితిని. “పెద్దమ్మా, నాకు ఆషాఢములో పురుడు. నొప్పులు రాత్రివేళ వచ్చి, గోదావరి పొంగియుండినచో మనము ఏరెట్లు దాటుదుము?” అని యేడ్చెను. ఇంతవఱకు ఎవ్వరితోను చెప్పలేదట, చెప్పినచో పిఱికిదందురని.

అది పిఱికితనమా? 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన వఱదలను ఆ లంకలవారు మఱచిపోలేదు. పడవ లేక, పంటు నడువక దినముల తరబడి నిలిచిపోయిన యూళ్ళవి. పిల్ల భయము సకారణమైనది. నిద్రపోమ్మని బుజ్జగించుటచే అది పోదు; ఏర్పాటు జరిగిననే పోవును. మఱునాడు ఉదయమే అమ్మాయి తండ్రితో కూర్చుండి మాటలాడితిమి. నెల నిండుటకు మూడువారములు ముందుగనే అమలాపురములోని మేనత్త యింటికి చేర్చుటకును, అచటి ఆసుపత్రిలో పేరు వ్రాయించుటకును, పరీక్షల కాగితములు, బట్టలు, డబ్బు ఒక సంచిలో సిద్ధముగా నుంచుటకును నిశ్చయమైనది. జ్యేష్ఠములో మఱియొకసారి చూపించుకొనుటకు 9వ తేదీని ఎన్నుకొన్నాము; 2016నుండి ఆ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు చేయుచున్నారు.

పురుడనిన చావుబ్రతుకులని వెనుకటివారు చెప్పు కథలును ఆమె చెవిని బడియుండెను. 2001–03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున లక్ష కాన్పులకు 195 మంది తల్లులు మరణించుచుండగా, 2018–20 నాటికి మన రాష్ట్రమున ఆ సంఖ్య 45కు తగ్గినదని చెప్పితిని. నలువదియైదును తక్కువ గాదు. కాని వేళకు ఆసుపత్రి చేరిన పిల్లకు భయపడవలసినది మిక్కిలి కొంచెము.

నిండు నెలల నిద్రకును కాన్పునకును గల సంబంధమును గూర్చి 2004లో సాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. 131 మంది తొలిచూలు స్త్రీలలో, రాత్రి ఆఱుగంటలకు తక్కువ నిద్రించినవారికి నొప్పులు ఎక్కువసేపు సాగినవి. శస్త్రచికిత్సతో కాన్పగుట నాలుగున్నర రెట్లు అధికముగా కనబడినది. చిన్న లెక్క గనుక దానినే వేదముగా కొనరాదు. అయినను పుట్టింటికి వచ్చిన పిల్లను రాత్రి పదకొండువఱకు టెలివిజను ముందును, వచ్చిపోవు చుట్టముల ముందును కూర్చుండబెట్టు తల్లులు దీనిని ఆలోచింపవలెను. తొమ్మిది గంటలకు ఆ గది దీపమార్పి, సెల్‌ఫోను ఇవతల నుంచి, తలుపు చేరవేయుటకు ఇంటివారే పూనుకొనవలెను. తొలిచూలు పిల్ల తానై “నాకు నిద్ర వచ్చుచున్నది, మీరు వెళ్ళుడు” అని చుట్టములతో అనజాలదు.

నేను తిరిగివచ్చిన పదిదినములకు మా చెల్లెలు ఫోను చేసెను. పిల్ల ఇప్పుడు రాత్రికి రెండుసారులు మాత్రమే లేచుచున్నదట. మామ్మగారు మోకాళ్ళ నడుమ దిండు తామే సర్ది, “ఇటు తిరుగవే తల్లీ” అని చెప్పుచున్నారట. పేగు మాట ఇంకను నమ్ముచున్నారో లేదో మా చెల్లెలు అడుగలేదు, నేనును అడుగుమని చెప్పలేదు.

బాలింత నిద్రను గూర్చియు, రాత్రి బిడ్డకు పాలిచ్చుటను గూర్చియు రాబోవు సంచికలో వ్రాసెదను.