పాతిక సెంట్ల పేరుతో కొండను కోసేస్తారా?

అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ మీద జరిగిన రచ్చ ఎక్కువగా రెండు విషయాల చుట్టూనే తిరిగింది. సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు వేసే వ్యూహాత్మక రోడ్లు ఒకటి, రికార్డులకెక్కని అడవుల గతి రెండోది. పర్యావరణవేత్తలు ఎక్కువగా వాటి మీదే వ్యాసాలు రాశారు, మంత్రులు ఎక్కువగా వాటికే జవాబులిచ్చారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కూడా ఆ రెండోదాని గురించే. అదే సెక్షన్‌లో 100 కిలోమీటర్ల ముచ్చట కంటే ముందే ఇంకో మినహాయింపు ఉంది. ప్రభుత్వ రోడ్డు పక్కనో రైలు పట్టాల పక్కనో ఉన్న అటవీ భూమిలో, నివాసానికి దారి కోసమో రోడ్డు పక్క సౌకర్యం కోసమో, ఒక్కో సందర్భంలో 0.10 హెక్టారు దాకా ఈ చట్టమే వర్తించదు. కేంద్రం ముందస్తు అనుమతితో పని లేదు. చిన్న ముక్కే కదా అని దాని మీద పెద్దగా చర్చే జరగలేదు.

0.10 హెక్టారంటే వెయ్యి చదరపు మీటర్లు. మన లెక్కలో రమారమి పాతిక సెంట్లు. మైదానంలో ఇది నిజంగానే చిన్న ముక్క. పట్టా భూమికీ తారు రోడ్డుకూ మధ్య అటవీ శాఖ పట్టీ ఉండిపోయి, కల్వర్టు వేసుకోవడానికి కూడా ఏళ్ల తరబడి ఫైలు మోసినవాళ్లున్నారు. వాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు. కానీ చట్టం మైదానాన్నీ కొండనూ ఒకే టేపుతో కొలిచింది. నా అభ్యంతరం అక్కడే. చెట్లున్న కొండవాలుకు ఈ మినహాయింపు వర్తించకూడదు.

లెక్క చూడండి. కారు, సామాను వ్యాను ఎక్కడానికి ఐదు మీటర్ల వెడల్పు దారి కావాలనుకుందాం. పాతిక సెంట్లలో అది 200 మీటర్ల పొడవు వస్తుంది. వాలు 30 డిగ్రీలుంటే, కొండను నిలువునా కోసినా లోపలి అంచు దగ్గర గోడ దాదాపు మూడు మీటర్ల ఎత్తు లేస్తుంది. తవ్విన మట్టి, రాయి 1,400 ఘనపు మీటర్లు దాటుతుంది. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌కు 140 లోడ్లు. తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది కాబట్టి లోడ్లు ఇంకా పెరుగుతాయి.

అలా నిలువునా కోసిన కొండ వానలకు నిలవదు. ఇంజినీర్లు గోడను వెనక్కి వాల్చి కోయమంటారు. రెండు మీటర్ల ఎత్తుకు ఒక మీటరు చొప్పున వాల్చినా, ఐదు మీటర్ల దారి కోసం ఏడు మీటర్ల మేర కొండను తీయాలి. 200 మీటర్లకు అది 1,400 చదరపు మీటర్లవుతుంది, పాతిక సెంట్లు దాటిపోతుంది. అప్పుడు కేంద్రం అనుమతి కావాలి. అనుమతి బాధ తప్పించుకోవాలంటే నిలువునా కోయాలి. జాగ్రత్తపరుణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పి, అడ్డగోలుగా కోసేవాణ్ణి వదిలేసే కొలత ఇది. దీన్ని రాసినవారు ఎన్నడైనా పొక్లెయిన్ పక్కన నిలబడి చూశారా?

మట్టి సంగతి ఇంకా ఘోరం. 140 లోడ్లు ఎక్కడికి పోతాయి? ఘాట్ రోడ్డు మీద తిరిగేవారికి ఎవరూ చెప్పక్కర్లేదు. దారికి దిగువన వాలు మీదికి నెట్టేస్తారు. ఆ మట్టి కింద చెట్ల మొదళ్లు కప్పుకుపోతాయి, గెడ్డలు పూడిపోతాయి. ఆ విస్తీర్ణం ఏ పాతిక సెంట్ల లెక్కలోకీ రాదు. పైన కోసిన చోట వేళ్లు తెగిన చెట్లు ఒకటి రెండు వానాకాలాలు ఆగి దారి మీద పడతాయి. వాటినీ ఎవరూ కొట్టలేదు కనుక ఎవరి ఖాతాలోనూ ఉండవు. వాలు మీద చెట్ల నడుమ చెదిరి ఇంకే వాన నీరు ఇప్పుడు దారి మీదికి చేరి, పక్క కాలవ లేకపోతే ఒక్కచోట దూకుతుంది. తూర్పు కనుమల్లో చాలాచోట్ల పైనున్నది బాగా చివికిన ఖొండలైట్ రాయి, దాని మీద ఎర్రమట్టి. నీరు దూకిన చోట అది కోసుకుపోతుంది.

షరతులు లేవా అని అడిగేవారికి జవాబు: ఉన్నాయి. కొట్టిన చెట్లకు బదులు మొక్కలు నాటడంతో సహా షరతులను కేంద్రం మార్గదర్శకాల ద్వారా విధిస్తుందని ఆ సెక్షనే చెబుతోంది. నాటిన మొక్క కోసిన గోడను పట్టుకోదు. పైగా మార్గదర్శకం పార్లమెంటు గడప తొక్కకుండానే మారిపోతుంది. చట్టం పాఠంలో మిగిలింది పాతిక సెంట్లు ఒక్కటే. వాలెంత, చెట్లెన్ని, మట్టి ఎక్కడ వేస్తారు అన్న ప్రశ్నలు అందులో లేవు. ఒక ఘాట్ రోడ్డు వెంట ఇలాంటి సందర్భాలు మొత్తం ఎన్ని ఉండొచ్చన్న పరిమితీ లేదు. ముక్కలు చేస్తే ఏమవుతుందో ఉత్తరాఖండ్‌లో చూశాం. 889 కిలోమీటర్ల చార్‌ధామ్ రోడ్డును 53 పనులుగా విడగొట్టి, ఏ ముక్కా 100 కిలోమీటర్లు దాటలేదంటూ పర్యావరణ ప్రభావ అంచనాను పక్కనబెట్టారు. అక్కడ అడ్డదారి వెతకాల్సి వచ్చింది. ఇక్కడ చట్టమే ముక్కల లెక్కన రాసి ఇచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. అడవిలో దారి లేక జనం ఇబ్బంది పడుతున్నారన్నదే సవరణకు చెప్పిన సాకు అయితే, దానికి 2006లోనే చట్టం ఉంది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. బడి, ఆస్పత్రి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు, రోడ్డు వంటి 13 రకాల ప్రభుత్వ సదుపాయాలకు ఒక్కో సందర్భంలో హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండి తీరాలి. అంటే ఊరికి రోడ్డు కావాలంటే చెట్లు లెక్కపెట్టాలి, గ్రామసభ కూర్చోవాలి. రోడ్డు పక్క సౌకర్యానికి, 2023 చట్టం పాఠం ప్రకారం, ఆ రెండూ అక్కర్లేదు. సవరణను సమర్థించినవారికి ఈ పోలిక అవసరం లేదు. వ్యతిరేకించినవారు కూడా దీన్ని గట్టిగా ఎందుకు ముందుకు తేలేదో నాకు అర్థం కాదు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇప్పటికీ గర్భిణుల్ని డోలీలో మోసుకొస్తున్నారు. రోడ్డెందుకు వేయలేదంటే అటవీ అనుమతి రాలేదన్న జవాబు ఏజెన్సీలో పాతదే. ఈ మినహాయింపు వాళ్లకు ఏం ఇచ్చింది? గ్రామీణ రోడ్డు ఒంటి వరుస వెడల్పు 3.75 మీటర్లు. పాతిక సెంట్లలో అది 267 మీటర్లు వస్తుంది. తారు రోడ్డు నుంచి కిలోమీటర్ల దూరాన కొండమీదున్న గూడేనికి 267 మీటర్లు ఏ మూలకు? అందులోనూ మినహాయింపు వర్తించేది ప్రభుత్వ రోడ్డునో రైలు పట్టాలనో ఆనుకున్న భూమికే. రోడ్డే లేని గూడెం ఆ వాక్యంలోకి రానే రాదు. రోడ్డు పక్కన ఇప్పటికే స్థలం ఉన్నవాడికి, వ్యూ పాయింటు చూసుకుని కాటేజీలు కట్టాలనుకునేవాడికి మాత్రం 267 మీటర్లు ధారాళంగా సరిపోతాయి. డోలీ మోసేవాళ్ల పేరు చెప్పి కాటేజీ గేటుకు దారి వేసిపెట్టారు.

ఇలా అంటే అభివృద్ధి నిరోధకులని ముద్ర వేస్తారు, అలవాటే. కొండ మీద ఎవరూ దారి వేసుకోకూడదని ఎవరన్నారు? నీలగిరి జిల్లాలో కలెక్టర్ అనుమతి లేకుండా భూమి తవ్వే యంత్రాలు నడపడానికి వీల్లేదు. తమిళనాడు కొండ ప్రాంతాల కోసం 1990 నుంచి ప్రత్యేక సంస్థే ఉంది. అయినా ఊటీకి జనం పోవడం మానలేదు, అక్కడ ఇళ్లు కట్టడమూ ఆగలేదు. యంత్రం దిగే ముందు వాలు చూసి ఒకరు సంతకం పెట్టాలి, అంతే. మన రెండు రాష్ట్రాలూ ఆ పాటి నియమం పెట్టుకోవడానికి రాజ్యాంగం అడ్డు రాదు. 1976 నుంచి అడవులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అడ్డొస్తున్నది పర్యాటక శాఖ బ్రోచర్లను చూసి మురిసిపోయే మన ప్రభుత్వాల బద్ధకం.

కేంద్రం చేయాల్సిన పనికి కొత్త బిల్లు కూడా అక్కర్లేదు. షరతులన్నీ మార్గదర్శకాల్లోనే ఉంచుకుంది కదా, ఆ చేత్తోనే ఇంకో పేజీ రాయాలి. నిర్ణీత వాలు దాటిన చోట పాతిక సెంట్ల మినహాయింపు చెల్లదని, షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ సిఫారసు లేనిదే చెల్లదని, వాలు మీదికి మట్టి నెడితే రద్దవుతుందని రాయాలి. ఆ పేజీ రాయకపోతే, ఈ నిబంధన ఎవరికోసం పెట్టారో ఒప్పుకున్నట్టే.

2023 డిసెంబరు 1 నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఈ మినహాయింపు కింద ఏ జిల్లాలో ఎన్ని దారులు తెరిచారు, వాటిలో కొండవాలు మీదివి ఎన్ని, ఎన్ని గూడేలకు వెళ్లాయి, ఎన్ని రిసార్టులకు వెళ్లాయి అని ఒక్క లిఖితపూర్వక ప్రశ్న చాలు. అది వేయమని మీ ఎంపీకి ఉత్తరం రాయండి.